మిషనువారు అమ్మివేసిన పుస్తకాల కొట్టు

శతవార్షికోత్సవ సంచికలో దేవాలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి వ్రాయుట ఆనవాయితీ. ఆ వ్యాసములు మనకంటె పెద్దలు వ్రాయగలరు. మేము ఒక అంగడిని గూర్చి వ్రాయ తలపెట్టితిమి. అదియు మన చిత్తూరులోనిది కాదు, తిరుపతిలోనిది కాదు. చెన్నపట్నములో మౌంటు రోడ్డుమీద, అనగా ఇప్పటి అన్నా సాలైమీద, నూట ఇరువది ఏండ్లకు పైగా నిలిచియున్న హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల అంగడి అది. "అయ్యగారిని సంఘ చరిత్ర వ్రాయమంటే కొట్టు చరిత్ర వ్రాసినారే" అని సంఘస్తులు నవ్వుకొన్నను పరవాలేదు. ఆ కొట్టు పుట్టినది మిషనువారి పుస్తకాల గదిలోనే. దానిని నష్టము వచ్చుచున్నదని అమ్మివేసినది మిషనువారే. ఆ సంగతి మన సంఘస్తులలో ఎరిగినవారు తక్కువ.

మన ప్రాంతమువారికి మద్రాసు పరాయి ఊరు కాదు. నేటికిని మన పల్లెలలో ముసలివారు "పట్నం పోయినాడు" అంటే హైదరాబాదు అని అర్థము కాదు, మద్రాసు అనియే అర్థము. 1911 వరకు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణము. ఆ ఏట చిత్తూరు జిల్లా ప్రత్యేకముగా ఏర్పడినది. అటు తరువాత కూడ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు మన రాజధాని మద్రాసే. పెద్ద కోర్టు వ్యాజ్యము పట్నములో, పెద్ద చదువు పట్నములో, తీరని జబ్బుకు పెద్దాసుపత్రి పట్నములో. పుస్తకము కావలెనన్నను పట్నమే. 1853లో స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషనును వ్యవస్థగా ఏర్పరచిన నాటినుండి, మన మిషనరీ దొరలకు కావలసిన కాగితము, సిరా, గ్రంథములు, వేదపుస్తకములు, అన్నియు ఆ దారినే వచ్చెడివి. 1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణ దేశములో మొదటి రైలు నడచిన తరువాత ఆ దారి మరింత దగ్గరైనది.

ఇక కొట్టు సంగతికి వచ్చెదము. కాని కొట్టుకు ముందు అచ్చు, అచ్చుకు ముందు అక్షరము. తెలుగు అక్షరములు మొట్టమొదట పుస్తకరూపమున అచ్చైనది మన దేశములో కాదు, జర్మనీ దేశములోని హాలె పట్టణములో. మద్రాసులో పనిచేసి మరలి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అను లూథరన్ మిషనరీ అక్కడ 1746, 1747 సంవత్సరములలో తెలుగులో ప్రశ్నోత్తర బోధ మొదలగు చిన్న పుస్తకములను వేయించినాడు. మద్రాసుకు అచ్చుయంత్రము వచ్చిన విధము మరియొక వింత. 1761లో ఆంగ్లేయ సైన్యములు పుదుచ్చేరిని పట్టుకొన్నప్పుడు ఫ్రెంచివారి అచ్చుయంత్రము కొల్లసొమ్ముగా దొరికినది. దానిని నడుపుట తెలిసినవాడు వేపేరిలోని ఫెబ్రీషియసు అను మిషనరీ. దొరతనమువారు తమ పనులు కూడ అచ్చువేసి ఇచ్చు షరతుమీద దానిని ఆయనకు అప్పగించిరి. యుద్ధములో దొరికిన యంత్రముమీద సువార్త అచ్చైనది, దానిమీదనే ప్రభుత్వపు ప్రకటనలును అచ్చైనవి. ఆ వేపేరి ముద్రణాలయమే తరువాత క్రైస్తవ జ్ఞాన సంఘమువారి ముద్రాక్షరశాల అని పేరొందినది. బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1852లో వెలువడినది అక్కడినుండియే.

1818లో ప్రిచెట్టు దొర చేసిన తెలుగు క్రొత్త నిబంధన మద్రాసులో అచ్చైనది. అదే సంవత్సరము మద్రాసులో కరపత్రముల సంఘమొకటి స్థాపింపబడినది. దానికి ఒక ఏడు ముందుగా, 1817లో, జేమ్సు లించి అను వెస్లియన్ మిషనరీ సిలోనునుండి మద్రాసు వచ్చి అక్కడ వెస్లియన్ సంఘమునకు పునాది వేసినాడు. మిషను వచ్చిన చోటికి బడి వచ్చును, బడి వచ్చిన చోటికి పుస్తకము రావలెను. అట్లు వెస్లియనువారు మద్రాసులో ఒక పుస్తకముల డిపో పెట్టినారు. వేదపుస్తకములు, కీర్తనల పుస్తకములు, ప్రసంగ సంపుటములు, బడి పుస్తకములు, ఇంగ్లాండునుండి తెప్పించిన భక్తి గ్రంథములు దానిలోని సరకు.

ఆ డిపో నష్టములో కూరుకొనిపోయినది. ఎందుచేత అని మేము ఆలోచించి చూచితిమి. ఆ కాలమున మద్రాసుకు ఓడరేవు లేదు. రేవు కట్టుటకు పూనుకొన్నది 1870లలోనే. ఓడ సముద్రములో దూరముగా లంగరు వేయును. సరకును మసూలా పడవలలోనికి దింపి, ఆ పెద్ద అలల మీదుగా ఒడ్డుకు తేవలెను. బట్టల మూట తడిసిన ఎండబెట్టవచ్చును, పుస్తకము తడిసిన ఏమి చేయుదుము? సూయజు కాలువ 1869లో తెరవబడువరకు ఇంగ్లాండునుండి బరువు సరకు ఆఫ్రికా ఖండమును చుట్టివచ్చుటకు నెలలు పట్టెడిది. డబ్బు ముందే కట్టవలెను. పుస్తకము వచ్చు నాటికి దానిని అడిగిన దొర బళ్లారికో బర్మాకో బదిలీయై పోయియుండును. ఒడ్డున చేరిన పుస్తకమునకు చెమ్మ ఒకవైపు, చెదలు ఒకవైపు. ఇవి వ్యాపారులందరికిని ఉన్న కష్టములే. మిషనువారికి మరియొక కష్టము కలదు. వారు అమ్మదలచినది జనులు చదువవలెనని తమకు తోచిన పుస్తకము, జనులు కొనదలచినది తమకు నచ్చిన పుస్తకము. వ్యాపారి ఈ రెండింటి నడుమ ఉన్న ఎడమును తగ్గించుకొనును. మిషనరీ తగ్గించుకొనలేడు, తగ్గించుకొన్నచో మిషనరీ కాడు.

ఆ డిపోలో పుస్తకములు చూచుకొను ఉద్యోగములో ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ అను ఆంగ్లేయ యువకుడు ఉండెను. ఇతడు టిక్కెట్టు లేకుండ ఓడలో దాగియుండగా పట్టుకొని కప్తాను మద్రాసు ఒడ్డున దింపివేసినాడని ఒక కథ తరతరములుగా చెప్పుకొనబడుచున్నది. కొట్టు పెద్దదైన తరువాత యజమాని పేదరికమును గూర్చి ఇట్టి కథలు పుట్టుట సహజమే గనుక దానిని కథగానే ఇక్కడ వ్రాసితిమి. అతడు మిషనువారి డిపోలో పనిచేసిన సంగతి, మిషనువారు దానిని తక్కువ ధరకు వదలించుకొన దలచినప్పుడు తానే కొన్న సంగతి, 1844లో తన పేర అంగడి తెరచిన సంగతి ముఖ్యమైనవి. నేడు మన దేశములో నడచుచున్న పుస్తకాల అంగళ్లలో అన్నింటికంటె పాతది అదియే.

అదే గది, అవే బీరువాలు, అదే ఊరు. మిషనువారి చేతిలో మునిగినది ఇతని చేతిలో తేలినది. దైవకృప అని ఒక మాటతో సరిపెట్టుట పాస్టరుకు సులువే గాని చరిత్ర వ్రాయువాడు కారణములు కూడ వెదకవలెను. ఇతడు వచ్చువారి చేతులను చూచినాడు. డిపోలో కూర్చున్న దినములలో ఎవరు ఏ బీరువా దగ్గర ఆగుచున్నారో, ఏ పుస్తకము అడిగి లేదనిపించుకొని వెళ్లుచున్నారో గుమాస్తాకు తెలిసినట్లు కమిటీకి తెలియదు. ఆపైన కాలము కలిసివచ్చినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. మెట్రిక్యులేషను పరీక్ష వచ్చినది, పరీక్షతోపాటు పాఠ్యపుస్తకము వచ్చినది. 1860లో శిక్షాస్మృతి వచ్చినది, 1862లో హైకోర్టు వచ్చినది, ఊరూర వకీళ్లకు చట్టపు పుస్తకములు అవసరమైనవి. భక్తి గ్రంథము కొనువాడు ఇష్టమైన కొనును, లేకున్న మానును. పరీక్ష పుస్తకము, చట్టపు పుస్తకము అట్లు కాదు.

1859లో ఇంగ్లాండులో మర్రే కంపెనీవారు వేసిన ప్రయాణికుల మార్గదర్శిలో మద్రాసు పుస్తకాల అంగళ్లలో ఇది మేటి అని పేర్కొన్నారు. అదే సంవత్సరము గవర్నరు ట్రెవెల్యన్ దొర తన బావమరిదియైన మెకాలే ప్రభువునకు వ్రాసిన ఉత్తరములో ఈ అంగడిని పొగడినట్లును, గ్రీకు కవులు మొదలుకొని జర్మను కవుల వరకు అన్నియు ఇక్కడ దొరకునని వ్రాసినట్లును తరచుగా చెప్పుదురు. ఆ ఉత్తరము మార్చి నెలలోనిదట. ట్రెవెల్యన్ గారు మద్రాసులో పదవి స్వీకరించినది 1859 మార్చి 28న. ఓడ దిగిన మూడు నాలుగు దినములలోనే అంగడి బీరువాలన్నియు చూచి మురిసినారంటే ఆయన పుస్తక ప్రియత్వమును మెచ్చుకొనవలసినదే. లేదా తేదీ చెప్పినవారిని కొంచెము అనుమానింపవలసినదే.

హిగ్గిన్‌బాథమ్ కంపెనీ పుస్తకములను అమ్ముటయే గాక అచ్చువేయుట కూడ చేసినది. అబే దుబ్వా అను ఫ్రెంచి పాదిరి దక్షిణ దేశపు ఆచారములను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునకు జి. యు. పోప్ గారి వివరణలతో 1862లో ఒక కూర్పు వేసినారు. పోప్ గారు 1839లో మన దేశమునకు వచ్చినది వెస్లియన్ మిషనరీగానే. తరువాత ఆయన ఆంగ్లికన్ సంఘములో చేరి, తమిళ పండితుడై ప్రపంచమంతట పేరుగాంచినాడు. చూడుడి, వెస్లియనువారు అమ్మిన కొట్టు పదునెనిమిది సంవత్సరములకు వెస్లియనుగా వచ్చిన పండితుని పనిని అచ్చువేసి అమ్ముకొన్నది. 1875లో వేల్సు యువరాజు మద్రాసు వచ్చినప్పుడు ఆయనకు పుస్తక విక్రేతలన్న బిరుదు కూడ ఈ కంపెనీకి దక్కినది. 1880ల చివరిలో హిగ్గిన్‌బాథమ్ గారు మద్రాసు నగరమునకు షెరీఫు అయినాడు. షెరీఫు అనగా జీతము లేని గౌరవ పదవి, ఊరిలో పరువుగలవారికి ఇచ్చునది. 1891లో ఆయన మరణించగా కుమారుడు వ్యాపారము చేపట్టినాడు.

అంగడి పుట్టి అరువది ఏండ్లు నిండిన సంవత్సరము, అనగా 1904లో, మౌంటు రోడ్డుమీద ఇప్పుడున్న భవనము తయారైనది. వేదాంత కళాశాల దినములలో మేము మొదటిసారి దానిలో కాలు పెట్టితిమి. ఒక పాత వ్యాఖ్యాన గ్రంథము కొరకు వెదకుచు పోయితిమి. గ్రంథము దొరకలేదు గాని భవనము మనస్సులో నిలిచిపోయినది. వెలుపల తెల్లని గోడ, వరుసగా కమానులు, కమానుల పైభాగమున రంగు అద్దములు. లోపల కాలి క్రింద నలుపు తెలుపు పలకల నేల. తల ఎత్తి చూచిన కప్పు ఎంతో ఎత్తున ఉండును. మేడమీదికి కొయ్య మెట్లు. రంగు అద్దములను చూచి దేవాలయములో ప్రవేశించినట్లు ఉన్నదని మాతో వచ్చిన మిత్రుడు అన్నాడు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. ఆనాటి శిల్పులు దేవాలయమునకు, రైలు స్టేషనుకు, అంగడికి ఒకే పెట్టెలోనుండి సొబగులు తీసి వాడుకొన్నారు.

అయితే కప్పు అంత ఎత్తుగా కట్టుట వైభవము కొరకే కాదు. పుస్తకమునకు మద్రాసు గాలి శత్రువు. సముద్రపు చెమ్మకు అట్ట ఉబ్బును, జిగురు వదలును, కాగితముమీద గోధుమరంగు మచ్చలు పడును. వేడిగాలి పైకి పోవుటకు చోటుండవలెను, క్రింద గాలి ఆడుచుండవలెను, ఎండ నేరుగా పడకుండ వెలుతురు రావలెను. మన పాత మిషను బంగళాలను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. చిత్తూరులో, మదనపల్లెలో ఆ కాలపు బంగళాలకు ఎత్తైన కప్పులు, వెడల్పాటి వరండాలు పెట్టినది మనుష్యులు బ్రతుకుటకు. ఇక్కడ అదే ఉపాయము పుస్తకములు బ్రతుకుటకు పనికివచ్చినది. మరుసటి ఏడు, 1905లో, బెంగుళూరులో కూడ ఇదే కంపెనీకి అంగడి ఏర్పడినది. అదియు ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డుమీద ఉన్నది. బెంగుళూరులో వేదాంతము చదివిన మన పాస్టర్లలో దానిని ఎరుగనివారుండరు.

ఆ నలుపు తెలుపు నేలమీద ఆ దినములలో నడిచినవారు ఎవరు? ఈ ప్రశ్న అడుగక భవనమును పొగడుట మాకు ఇష్టము లేదు. 1904 నాటి మౌంటు రోడ్డు దొరల బజారు. స్పెన్సరువారి పెద్ద దుకాణము, ఆర్ అండ్ సన్సువారి గడియారముల కొట్టు, స్మిత్తువారి మందుల కొట్టు అన్నియు ఆ వరుసలోనివే. మన తెలుగువారు పుస్తకము కొనవలెనన్న పోయినది అటువైపు కాదు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు మద్రాసులో ముద్రణాలయము స్థాపించినారు. భారతమో, భాగవతమో, వ్యాకరణమో కావలసినవారు వావిళ్లవారి దగ్గరకు పోయెడివారు. మన క్రైస్తవ గృహములలోనికి వచ్చిన పుస్తకములును కమానుల క్రిందినుండి రాలేదు. పురుషోత్తమ చౌదరిగారు 1890లో గతించు నాటికే ఆయన కీర్తనలు నోటనుండి నోటికి వ్యాపించియుండెను. కీర్తనల పుస్తకము, సువార్త ప్రతులు కోల్‌పోర్టరు సంచిలో, సంతలలో, తిరునాళ్లలో, అణా కాని లెక్కన చేతులు మారెడివి. కోల్‌పోర్టరు అనగా నేటి యౌవనులకు తెలియకపోవచ్చును. పుస్తకముల సంచి భుజమున వేసుకొని ఊరూర కాలినడకను తిరిగి అమ్మిన సేవకుడు. అమ్మకము లేని దినమున అతడు తిన్నదేమో మన సంఘ పుస్తకములలో వ్రాసియుండలేదు.

ఈ సందర్భమున మన ప్రాంతపు విద్యార్థి ఒకరిని తలంచుకొనవలెను. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణగారు తిరుపతిలోని హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషను పాఠశాలలో చదివి, పిమ్మట వేలూరులోని ఊరీసు కళాశాలలో చదివి, 1904 ప్రాంతమున మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరినారు. అప్పుడు ఆ కళాశాల జార్జిటౌనులో హైకోర్టు ఎదుట ఉండెడిది. 1937లో గాని తాంబరమునకు పోలేదు. పట్టా పుచ్చుకొన్న దాయాది యొకడు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఇచ్చివేసినందున, క్రొత్త పుస్తకములు కొను శక్తి లేని ఆ యువకుడు తత్త్వశాస్త్రమే ఎంచుకొన్నాడన్న కథ ప్రసిద్ధము. అదే సంవత్సరములలో మౌంటు రోడ్డుమీద క్రొత్త భవనపు బీరువాలలో ఆ పుస్తకములన్నియు బంగారు అక్షరములతో మెరయుచుండెను. భారత రాష్ట్రపతి కాబోవు విద్యార్థికి అవి అందిన దారి మాత్రము బంధువు ఇంటి పాత పెట్టె.

కావున వెస్లియనువారు 1844లో కొట్టు అమ్మి తప్పు చేసినారా? మా మిత్రులలో కొందరు అవుననియే అందురు. ఉంచుకొన్నచో నేడు సంఘమునకు ఎంత ఆస్తి, మౌంటు రోడ్డుమీద అంత చోటు అని పెదవి విరుతురు. మాకట్లు తోచదు. ఆ డిపోలో రెండు పనులు కలిసిపోయియుండెను. ఇంగ్లీషు చదివినవారికి ఇంగ్లాండు పుస్తకములు అమ్ముట ఒకటి. దేశభాషలలో పేదవారికి చదువు అందించుట రెండవది. మొదటి దానికి వ్యాపారి కావలెను. రెండవది ఎన్నటికిని లాభము తేదు, దానికి కానుకల పళ్లెము కావలెను. 1858లో దేశభాషా విద్యకొరకు ఒక క్రైస్తవ సంఘము ఏర్పడి, అదియే 1891లో క్రైస్తవ సాహిత్య సంఘమని పేరు మార్చుకొని, మద్రాసు పార్కుటౌనులో పెద్దాసుపత్రి సమీపమున పని సాగించినది. బ్రౌను నిఘంటువును సరిదిద్ది 1903లో మరల వెలువరించినదియు క్రైస్తవ జ్ఞాన సంఘమే. దానిని సరిదిద్దినవారిలో లండను మిషనుకు చెంది మన రాయలసీమలో పనిచేసిన క్యాంబెల్ దొరగారు ఒకరు, కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఒకరు. పాదిరియు, విగ్రహారాధనను విడిచిన బ్రాహ్మసామాజికుడును ఒకే నిఘంటువుమీద పనిచేసినారు. ఏ వ్యాపారియు లాభము కొరకు అట్టి పని పెట్టుకొనడు.

అయితే ఒక నష్టము జరుగకపోలేదు. వ్యాపారికి తెలిసిన విద్య, అనగా వచ్చినవాని చేతిని చూచుట, మన డిపోలకు తరువాత కూడ పట్టుబడలేదు. ధూళి పట్టిన కరపత్రముల కట్టలు మన పాస్టరేటుల గదులలో ఎన్ని యున్నవో చూచినవారికి చెప్పనక్కరలేదు.

ఇక యజమానులు మారిన కథను ముక్తసరిగా చెప్పెదము. 1920లలో స్పెన్సరు కంపెనీ అధిపతియైన రాబిన్సను దొర ఈ అంగడిని, మద్రాసు మెయిలు పత్రికను కొని ఒక గొడుగు క్రిందికి తెచ్చినాడు. 1940లలో అది అనంతరామకృష్ణన్‌గారు స్థాపించిన అమాల్గమేషన్సు సంస్థ చేతికి వచ్చినది. పేరు మాత్రము మారలేదు.

అదే కాలమున మౌంటు రోడ్డుకు మరికొంత దక్షిణముగా, సెయింటు జార్జి కెథీడ్రలులో, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆంగ్లికనులతోపాటు వెస్లియన్ మెథడిస్టులును, ఆర్కాటు మిషను సంఘములు అంతకుముందే చేరియున్న ఐక్య సంఘమును ఆ దినమున ఒకటైనవి. కొట్టు అమ్మిన వెస్లియనులును, ఆ కొట్టు దారినే పుస్తకములు తెప్పించుకొన్న మన ఆర్కాటువారును నూట మూడేండ్ల తరువాత ఒకే బల్లయొద్ద కూర్చుండిరి.

మనవారిలో ఎక్కువమందికి హిగ్గిన్‌బాథమ్స్ తెలిసినది మౌంటు రోడ్డుమీద కాదు, రైలు ప్లాటుఫారముమీద. ఉత్తర దేశములో వీలరు కంపెనీ ఎట్లో, దక్షిణాది రైలు స్టేషన్లలో ఈ కంపెనీ పుస్తకాల స్టాళ్లు అట్లు. రైలు వేళల పట్టిక, ఆ పూట పత్రిక, వారపత్రిక, పిల్లల పుస్తకము. మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కలిసి 1947 జూలైలో మద్రాసునుండి తెచ్చిన 'చందమామ' ఎన్ని ఇండ్లకు స్టేషను స్టాలునుండియే వచ్చినదో! బండి ఆగిన కొద్ది నిమిషములలో తండ్రి దిగి కాఫీ తెచ్చుకొనుటకు పోయిన, పిల్లల కండ్లు మాత్రము ఆ స్టాలు తీగెలకు వ్రేలాడు రంగుల అట్టలమీదనే. మౌంటు రోడ్డు భవనములోనికి వెళ్లుటకు జంకిన మనిషి ప్లాటుఫారము స్టాలు ముందు జంకలేదు. మేము అనుకొనుట, ఆ కంపెనీ చేసిన పనులలో సువార్తికుని పనికి దగ్గరగా ఉన్నది ఇదియే. జనులు ఉన్న చోటికి పుస్తకమును తీసికొనిపోయినది. ఇప్పుడు ఆ స్టాళ్లు చాలవరకు కనుమరుగైనవి. చేతిలో ఫోను ఉన్న ప్రయాణికుడు బండి దిగడు.

భవనమునకు ఇరుగు పొరుగున ఉన్నవారి గతి చూచినచో ఇది నిలిచియుండుట చిన్న సంగతి కాదని తెలియును. స్పెన్సరువారి గొప్ప భవనము 1983లో అగ్నికి ఆహుతియైనది. ఆ చోట కట్టిన స్పెన్సర్ ప్లాజాలో పాతదాని పేరు తప్ప మరేమియు లేదు. స్మిత్తువారు మందుల వ్యాపారము కొరకు 1897లో కట్టిన కార్డిల్ బిల్డింగు తరువాత భారత్ ఇన్సూరెన్సువారిదై, పిమ్మట జీవిత బీమా సంస్థదైనది. దానిని 2006లో కూల్చబూనగా పాత కట్టడముల రక్షణ సంఘమువారు హైకోర్టుకు వెళ్లిరి. 2010లో కోర్టు దానిని కాపాడవలెనని తీర్పు చెప్పినది. ఆర్ అండ్ సన్సువారి కట్టడములో వెనుక భాగము మెట్రో రైలు పనులలో పోయినది. హిగ్గిన్‌బాథమ్స్ మాత్రము ఏ పనికొరకు కట్టిరో ఆ పనియే చేయుచు నిలిచినది. ఖాళీయైన కట్టడము త్వరగా కూలును. వాడుకలో నున్నదానికి ప్రతి ఏడు సున్నము పడును, ఓడు పగిలిన ఎవరో ఒకరు చూచెదరు.

ఈ మాట వ్రాయుచుండగా మన పాస్టరేటు కమిటీలలో వినబడు మాటలు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. రోడ్డు ముఖము గల పాత మిషను కట్టడము ఉన్న ప్రతి ఊరిలోను ఒక ప్రశ్న లేచుచున్నది. "గోడలు పెట్టుకోని ఏం జేస్తాం అయ్యగారూ? పడగొట్టి పది షాపులు కడితే బాడుగ వస్తాది గదా" అని ఒక పెద్దాయన మమ్ము అడిగినారు. ఆయన స్వార్థముతో అడుగలేదు. సువార్తికుల జీతములకు, విధవల సహాయనిధికి డబ్బు లేదని ఆయన బాధ. బాడుగ వచ్చుట మంచిదే. కాని పడగొట్టకముందు ఆ గదిలో ఏ పని జరిగెడిదో, దానిని మరల ఎవరైన చేయగలరేమో ఒకసారి చూడవలెనని మేము మనవి చేసితిమి. పుస్తకముల గది ఉన్న చోట చెప్పుల దుకాణము వచ్చిన, చెప్పులు కూడ అవసరమే గాని, మరల ఆ ఊరిలో పుస్తకముల గది రాదు. వెస్లియనువారు కొట్టును అమ్మినప్పుడు పుస్తకములు ఎరిగినవానికి అమ్మినారు. వారు మరెవ్వరికైన అమ్మియున్నచో ఆ గది కల్లు గోదాము కూడ అయియుండవచ్చును. ఆ పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "సరే, ఈ నెల మీటింగులో పెట్టండి" అన్నారు. ఆ చర్చ ఇంకను సాగుచున్నది.

అపొస్తలుడైన పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు, అంగీతోపాటు తన పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని అడిగిన సంగతి సంఘస్తులు ఎరిగినదే. చలికాలము వచ్చుచున్నది, మరణము సమీపించినది, అయినను ఆయనకు పుస్తకములు కావలెను. వేదాంత కళాశాలలో మా గురువులు ఆ భాగము చెప్పునప్పుడు ఆ పుస్తకములు ఏవియో అని చాలసేపు చర్చించెడివారు. మాకైతే వాటిని త్రోయనుండి మోసుకొని రావలసిన తిమోతియే ఎక్కువగా మనస్సులో మెదలును.

మన యౌవనస్థులు పట్నము పోవునప్పుడు ఆ భవనమును చూచి రావచ్చును. తిరుపతినుండి సప్తగిరి ఎక్స్‌ప్రెస్సులో సెంట్రలు స్టేషనులో దిగి, క్రిందనే మెట్రో రైలు ఎక్కిన రెండవ స్టేషను ఎల్.ఐ.సి. పైకి వచ్చిన 1959లో ప్రారంభమైన ఎత్తైన బీమా భవనము కనబడును. దానిని ఆనవాలు పట్టుకొని అన్నా సాలైలో కొంచెము నడచిన తెల్లని కమానులు వచ్చును. లోనికి పోవుటకు టిక్కెట్టు లేదు, కొనకపోయినను ఎవరును ఏమియు అనరు. కొయ్య మెట్లను, నేలను చూచి, తల ఎత్తి కప్పును కూడ చూడవలెను. దానిమీద అచ్చటి ఇంగ్లీషు పుస్తకములు ఖరీదెక్కువగా తోచినచో, సెంట్రలు దగ్గరకు తిరిగి వచ్చునప్పుడు పార్కుటౌనులో క్రైస్తవ సాహిత్య సంఘమువారి అంగడి దారిలోనే ఉన్నది.